గదికి ఇంత, పిల్లవాడికి ఎంత?

సంక్రాంతి తర్వాతి ఆదివారం ఒక స్నేహితురాలి ఇంట్లో భోజనాలు. బొమ్మల కొలువు చుట్టూ పిల్లలు, హాల్లో పెద్దవాళ్లు, పెద్దవాళ్ల నోట్లో ఆస్తి పన్ను. టెక్సస్‌లో దాన్ని జనవరి 31 లోపు కట్టాలి. అందుకని డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు పండక్కి గొబ్బెమ్మలు లేకపోయినా ఈ ముచ్చట మాత్రం తప్పదు. ఈ రాష్ట్రానికి సొంత ఆదాయపు పన్ను లేదు, ఆ లోటులో చాలా భాగం ఇళ్ల మీద తీర్చుకుంటారు. బిల్లులో అన్నిటికంటే పెద్ద పద్దు బడులదే.

"మనం కట్టేదంతా ఆ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకే పోతోందట చెల్లెమ్మా. మామూలు పిల్లలకు ఏమీ మిగలడం లేదట" అన్నారు ఆ ఇంటి అన్నయ్యగారు, నాకు అరిసెల పళ్లెం అందిస్తూ.

ఆయన వెనకే మా వాడు నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్లు వచ్చాయి, నాన్నను మించిన పొడుగు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తిరిగే ఫ్యానును చూస్తున్నాడు. వాడికి ఆటిజం అని ఆయనకు తెలుసు. ఆ మాట అనేటప్పుడు "ఆ పిల్లల్లో" వాడూ ఒకడని తట్టలేదు, అంతే. ఆయన చెడ్డవారు కారు. మేము ఇల్లు మారేటప్పుడు మంచం మోసి పెట్టిన మనిషి. అరిసె తీసుకుని ఊరుకున్నాను. కానీ ఆయన అన్నదానికి జవాబు ఉంది. అది అరిసె నములుతూ చెప్పగలిగినంత చిన్నది కాదు.

మా వాడికి నాలుగేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి పలికేవాడు కాదు. అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల బాధ్యత మూడేళ్లు నిండినప్పటి నుంచే ప్రభుత్వ బడిది. ఆ సంగతి కూడా మాకు పార్కులో కలిసిన ఒక మెక్సికన్ అమ్మమ్మ చెబితే తెలిసింది. వెళ్లి అడిగాం. ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఇంట్లో రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతోంది, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి, ఏడాది చూద్దాం అన్నారు. నమ్మాం. చదువుకున్నవాళ్లం కదా, బడి చెబితే నమ్ముతాం. వాడితో తెలుగు ఆపేశాం. బాపట్ల నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే "హలో అమ్మమ్మా" దగ్గర ఆపి, మిగిలినదంతా నేనే ఇంగ్లీషులో వాడికి చెప్పేదాన్ని. అమ్మ కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒకరోజు "నేను మాట్లాడితే వాడికి జబ్బు ఎక్కువవుతుందా?" అని అడిగింది. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. రెండు భాషలు వినడం ఆటిజానికి కారణం కాదని, ఇంటి భాష ఆపితే ఒనగూరేదేమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఏడాది చూద్దాం అన్నది రెండేళ్లయింది.

2016లో కిండర్‌గార్టెన్‌లో చేరాక, ఒక సాయంత్రం కార్ల వరసలో టీచరు నా కిటికీ దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో ఒకే మాట చెప్పింది: నోటితో అడగకండి, తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి. అలా అడిగితే పదిహేను బడి దినాల్లో జవాబివ్వాలి, మనం సంతకం చేశాక నలభై అయిదు బడి దినాల్లో పరీక్షలు పూర్తి చేయాలి. నోటితో అడిగిన రెండేళ్లకు లెక్కాపత్రం లేదు. కాగితం మీద అడిగిన నాడే గడియారం మొదలైంది.

ఆ టీచరు గొంతు ఎందుకు తగ్గించిందో ఆ సెప్టెంబరులోనే అర్థమైంది. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక వరస కథనాలు వేసింది. 2004 నుంచి టెక్సస్ విద్యాశాఖ ప్రతి డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ అది) ప్రత్యేక విద్య పొందే పిల్లల వాటాను లెక్కగట్టి మార్కులు వేస్తోంది. 8.5 శాతం లోపు ఉంటే మంచి మార్కు, దాటితే సంజాయిషీ. అప్పటికి రాష్ట్రంలో అలాంటి పిల్లలు దాదాపు 12 శాతం ఉండేవారు, దేశం మొత్తం మీద 13 శాతం దగ్గర. పదకొండేళ్లు గడిచేసరికి రాష్ట్రపు సగటు కచ్చితంగా 8.5 దగ్గరకు వచ్చి ఆగింది. పిల్లల మెదళ్లు పద్దు చూసి మారతాయా? శాఖవారు అది పరిమితి కాదని, కేవలం ఒక సూచిక అని అన్నారు. 2017లో శాసనసభ అలాంటి అంకెలు పెట్టడాన్ని నిషేధించింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ విచారణ ముగించి, టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. మా వాడి రెండేళ్లు ఆ అంకె వల్లే పోయాయని నేను రుజువు చేయలేను. మాతో మాట్లాడినవాళ్లు నిజంగానే రెండు భాషల సిద్ధాంతాన్ని నమ్మి ఉండవచ్చు. ఎవరూ "వద్దు" అని చెప్పనవసరం లేకుండానే అందరూ ఆలస్యం చేయడానికి ఒక అంకె చాలు. నన్ను భయపెట్టేది అదే.

ఇక డబ్బు. మన అన్నయ్యగారి మాటకు చట్టంలో యాభై ఏళ్ల కిందటే జవాబు ఉంది. 1972లో వాషింగ్టన్ నగర బడుల మీద మిల్స్ అనే కేసు నడిచింది. వైకల్యం ఉన్న పిల్లలను చేర్చుకోవడానికి తమ దగ్గర డబ్బు లేదని నగరం వాదించింది. డబ్బు చాలకపోతే ఉన్నదాన్ని అందరికీ న్యాయంగా పంచండి, ఆ కొరత భారం మామూలు పిల్లల కంటే వైకల్యం ఉన్న పిల్లల మీద ఎక్కువ పడడానికి వీల్లేదు అని కోర్టు అంది. నాకు ఈ వాదనంతటిలో ఇంతకంటే సూటైన సూత్రం కనిపించలేదు. దారిద్ర్యం వస్తే ఇంట్లో అందరి కంచంలోనూ తగ్గాలి. ఒక్కడి కంచం తీసేసి మిగిలినవాళ్లకు నిండుగా వడ్డిస్తే దాన్ని పొదుపు అనరు.

మూడేళ్లకు, 1975 నవంబరులో, దేశమంతటికీ చట్టం వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలు ఎనభై లక్షలకు పైగా ఉన్నారని, వారిలో పది లక్షల మందికి బడి గడపే లేదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఖర్చు సంగతి కూడా రాశారు. ఒక విద్యార్థి మీద దేశం సగటున పెట్టే ఖర్చులో 40 శాతం వరకు, ఇలాంటి ప్రతి పిల్లవాడి లెక్కన, కేంద్రం ఇస్తుందని. సంతకం పెట్టిన అధ్యక్షుడు ఫోర్డే, ఈ చట్టం కేంద్రం తీర్చగలిగిన దానికంటే ఎక్కువ వాగ్దానం చేస్తోందని అప్పుడే ప్రకటించాడు. పెళ్లిలో పెట్టుపోతల జాబితా మీద సంతకం చేస్తూనే "ఇవన్నీ ఇవ్వలేమండీ" అన్న మామగారిలా. 40 శాతం ఏనాడూ రాలేదు. ఇప్పుడు కేంద్రం ఏటా ఇచ్చేది సుమారు 1,400 కోట్ల డాలర్లు, అంటే వాగ్దానం చేసిన 40 స్థానంలో 15 శాతం లోపు. హక్కు మాత్రం నూటికి నూరు పాళ్లు అలాగే ఉంది. 1999లో సుప్రీంకోర్టు వెంటిలేటర్ మీద బతికే ఒక అబ్బాయి కేసులో, బడి వేళల్లో అతనికి కావలసిన నర్సు సేవను ఖర్చు చూపి కాదనడానికి వీల్లేదని చెప్పింది. హక్కు కేంద్రం రాసింది, బిల్లు స్థానిక బడికి పోయింది. మధ్యలో తేడా ఎవరు భరించాలి? మా ఆస్తి పన్ను భరించాలి. పండగ పూట అరిసెల పళ్లెం పట్టుకుని గొణిగేలా చేసేది ఆ తేడాయే. ఆయన కోపం నిజమైనదే. కాకపోతే చిరునామా తప్పు.

ఇంతవరకు ఎంత అన్న ప్రశ్న. నాకు అంతకంటే ముఖ్యమైనది ఎలా అన్నది. ఇది అర్థం కావడానికి నాకు ఆరేడేళ్లు పట్టింది. ఒక సాయంత్రం మా ఆయనా నేనూ రాష్ట్ర విద్యాశాఖ పెట్టిన నిధుల పుస్తకం తీసి, వంటింటి బల్ల మీద లెక్కలు వేసుకున్నాం.

టెక్సస్‌లో ప్రతి విద్యార్థికీ ఒక మూల మొత్తం ఉంటుంది. 2019 నుంచి 2025 వరకు అది 6,160 డాలర్లు. ఆ ఆరేళ్లలో పాలు, పెట్రోలు, ఇంటి అద్దె ఎంత పెరిగాయో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పనవసరం లేదు. 2025లో 55 డాలర్లు పెంచారు. వైకల్యం ఉన్న పిల్లలకు 2025-26 విద్యా సంవత్సరం దాకా ఈ మూల మొత్తాన్ని ఒక గుణకంతో హెచ్చవేసే పద్ధతి. మాకు కళ్లు తిరిగింది ఆ గుణకాల పట్టిక దగ్గరే. రోజంతా మామూలు తరగతిలో కూర్చుంటే అదనంగా 1.15. విడి గదిలో గడిపే సమయానికి 3. ఇంటి దగ్గరే చదువు చెబితే 5. పట్టికలో ఎక్కడా పిల్లవాడి అవసరానికి గడి లేదు. ఉన్నవి దాదాపు అన్నీ గదుల పేర్లే.

న్యాయంగా చెప్పాలి, ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. విడి గది సమయాన్ని గంటల్లో లెక్కకడతారు, ఆ గంటలకు మామూలు వాటా తీసేస్తారు. అదంతా తీసివేసినా మిగిలే నిజం ఒకటి ఉంది. సంకేత భాష అనువాదకుడు, పక్కన ఒక సహాయకురాలు, రోజుకు గంట స్పీచ్ థెరపీ కావలసిన పిల్లవాడూ, పరీక్షలో కొంచెం అదనపు సమయం ఇస్తే సరిపోయే పిల్లవాడూ ఇద్దరూ మామూలు తరగతిలోనే కూర్చుంటే, ఇద్దరికీ గుణకం 1.15. ఒకరి ఖర్చు మరొకరికి పదింతలు కావచ్చు. అందరితో కలిసి చదవడం హక్కు అని చట్టం చెబుతుంది. ఆ హక్కును గట్టిగా వాడుకున్న పిల్లవాడే బడికి నష్టం తెచ్చే పిల్లవాడవుతాడు. నిధుల సూత్రం ఒక మాట, చట్టం ఒక మాట.

మా ఏఆర్‌డీ సమావేశాల్లో ఈ రెండు మాటలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. ప్రవేశం, సమీక్ష, తొలగింపు అనే మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. పేరు వింటే ఆసుపత్రి గుర్తొస్తుంది. ఏటా ఒకసారి, అవసరమైతే ఇంకా ఎక్కువసార్లు, టీచర్లు, థెరపిస్టులు, సైకాలజిస్టు, ఒక అధికారి, ఎదురుగా మేమిద్దరం. వాడి ఐఈపీ, అంటే ఆ ఏడాది వాడికి ఏం నేర్పాలో, ఎవరు ఎన్ని నిమిషాలు నేర్పాలో రాసిన పత్రం, అక్కడ తయారవుతుంది. తొమ్మిదేళ్లుగా వెళుతున్నాను. డబ్బు అన్న మాట ఆ బల్ల దగ్గర ఒక్కసారి కూడా వినలేదు. ఖర్చు కారణంగా కాదనకూడదని అందరికీ తెలుసు. అందుకని "వివరాలు చూస్తే వాడికి అంత సహాయం అవసరం అనిపించడం లేదు" అంటారు. లేదా "స్వతంత్రంగా ఎదగనివ్వాలి కదా" అంటారు. రెండో తరగతిలో వాడికి మామూలు క్లాసులో తోడుగా ఒక మనిషి కావాలని అడిగితే ఆ స్వాతంత్ర్యం గురించే చెప్పారు. విడి గదిలో అయితే ముగ్గురు సహాయకులు సిద్ధంగా ఉన్నారట. విడి గదిలో స్వతంత్రంగా ఎదగనక్కరలేదు కాబోలు. చెబుతున్నావిడ కళ్లు నా వైపు లేవు. ఆమెకూ కష్టంగా ఉందని నాకు తెలిసింది, ఆ తర్వాతి ఏడాది ఆమె ఉద్యోగం మానేసింది. నేను తీసుకెళ్లిన జంతికలు మాత్రం ఎప్పుడూ మిగల్లేదు.

ఇంకో చిక్కు. టెక్సస్ డబ్బు ఇచ్చేది చేరిన పిల్లల సంఖ్యకు కాదు, సగటు హాజరుకు. మూర్ఛలు వచ్చి, ఆసుపత్రిలో ఉండి, ఏడాదిలో నెల రోజులు బడికి రాలేని పిల్ల ఉందనుకోండి. ఆ నెల వాటా బడికి తగ్గుతుంది. టీచరు జీతం, నర్సు జీతం, లిఫ్టు ఉన్న బస్సు ఖర్చు ఆ నెలలో తగ్గవు. ఎక్కువ అవసరం ఉన్న పిల్లే తక్కువ డబ్బు తెస్తుంది. కిరాణా కొట్టు పెట్టేవాడికైనా తట్టే విషయం ఇది.

మామూలు పిల్లలకు మిగలడం లేదన్న మాట మీద ఒక పక్క మాట. మా పక్కనే ఆలెన్‌లో హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. 18,000 మంది పడతారు, దాదాపు 6 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచారు. రెండేళ్లు తిరగకుండానే కాంక్రీటు బీటలు వారి మూసేసి, బాగుచేసి మళ్లీ తెరిచారు. అది బాండ్ల డబ్బు, అంటే ఓటర్ల అనుమతితో కట్టడాల కోసం తెచ్చిన అప్పు, జీతాలకు వాడడానికి వీల్లేదు. కనుక దాన్ని ఆపి ఉంటే మా వాడికి సహాయకురాలు వచ్చేదని నేను అనను. ఓటర్లు ఆ బాండ్లకు సంతోషంగా ఓటు వేశారని మాత్రం గుర్తు చేస్తున్నాను. ప్రతిభావంతుల తరగతుల కోసం మన తెలుగువాళ్లం పిల్లలకు మూడో ఏటి నుంచే కోచింగ్ పెట్టిస్తాం. ఆ తరగతుల ఖర్చు ఎవరి కంచంలోంచి వస్తోందని ఏ పండగ భోజనంలోనూ నేను వినలేదు.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. మా పెద్దన్నయ్య భార్య ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండలంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఒప్పంద ఉద్యోగం. కేంద్రానికి వచ్చే పిల్లలు కొందరు, మామూలు బడుల్లో ఉన్నవాళ్లు కొందరు, మంచం దిగలేనివాళ్లు కొందరు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు ఈమే వెళ్లాలి. సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి పిల్లవాడికి ఏడాదికి 3,500 రూపాయలు కేటాయింపు. అందులో 60 శాతం కేంద్ర ప్రభుత్వం, 40 శాతం రాష్ట్రం. డాలర్లలో నలభై. మా వాడి ఒక గంట స్పీచ్ థెరపీకి బయట చాలవు. ఆ మొత్తంలోనే ఉపకరణాలు, శిబిరాలు, రాకపోకల భత్యం, తోడు వచ్చేవాళ్ల భత్యం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2021లో భారత సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి కూడా చెప్పింది: మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలు ఎనిమిది మందికి ఒకరు, బుద్ధి మాంద్యం, ఆటిజం ఉన్నవాళ్లు అయిదుగురికి ఒకరు. ఆ పోస్టులు ప్రకటించండని 2025లో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

మొన్న ఫోనులో మా గుణకాల పట్టిక గురించి చెబితే వదిన నవ్వింది. "మీ దగ్గర డబ్బు గదికి కడతారు. మా దగ్గర శిబిరానికి కడతారు అమ్మాయ్. శిబిరం పెట్టిన రోజు చక్రాల కుర్చీలు వస్తాయి, ఫొటోలు తీస్తారు. కుర్చీ ఇస్తారు, ఎక్కించేవాళ్లను ఇవ్వరు" అంది. ఆమె తిరిగే ఇళ్లలో ఒకచోట ఆ కుర్చీ మీద ధాన్యం బస్తా పెట్టుకున్నారట. మెట్లున్న ఇల్లు, పిల్లకు పన్నెండేళ్లు, తల్లి ఒక్కతే ఎత్తలేదు. ఆ తల్లిని తప్పు పట్టలేను. పద్దులో కుర్చీకి గడి ఉంది, మనిషికి గడి లేదు.

మరి సరైన సూత్రం ఏది? తల లెక్కన ఎక్కువ డబ్బు ఇస్తే ప్రతి అల్లరి పిల్లవాడికీ ఒక వైకల్యం అంటగడతారని ఒక భయం ఉంది. అది వట్టి భయం కాదు. నల్లజాతి మగపిల్లల మీద ఈ దేశంలో అలాంటి ముద్రలు ఎక్కువ పడ్డాయి. అందుకే ఇక్కడి కేంద్రం 1997 నాటి సవరణ ప్రకారం తన వాటా పెరుగుదలను వికలాంగ పిల్లల సంఖ్యతో కాకుండా మొత్తం పిల్లల జనాభా, పేదరికం చూసి పంచుతోంది. అటు వెళితే మరో గోతిలో పడతాం. ఎంతమందిని గుర్తించినా అదే డబ్బు అయితే, ఎవరినీ గుర్తించకపోవడమే లాభం. ఈ రెండు గోతుల మధ్య సన్నటి గట్టు ఒకటుంది. పిల్లవాడికి ఏ సేవ ఎన్ని గంటలు కావాలో తూచి, దానికి డబ్బు కట్టాలి. తూచేవాడికీ డబ్బు తీసుకునేవాడికీ మధ్య కొంత ఎడం ఉండాలి. మరీ ఖరీదైన కొద్దిమంది పిల్లల ఖర్చును ఒక చిన్న డిస్ట్రిక్ట్ ఒంటరిగా మోయకుండా రాష్ట్రం పంచుకోవాలి. ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

టెక్సస్ ఇప్పుడు సగం ఇటు, సగం అటు నడుస్తోంది. 2025 మే నెలలో ప్రైవేటు బడుల ఖాతాల చట్టం వచ్చింది, అంటే ప్రైవేటు బడి ఖర్చుకు పిల్లల పేరిట ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు వేసే చట్టం. మొదట 100 కోట్ల డాలర్లు. వైకల్యం ఉన్న పిల్లవాడికి ఏడాదికి 30,000 డాలర్ల వరకు. మా తల్లుల వాట్సాప్ గుంపులో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. మరుసటి వారం నేనూ రెండు ప్రైవేటు బడులకు ఫోను చేశాను. ఒకచోట వాడికి మాట ఎంత వచ్చు అని అడిగి, తర్వాత చెబుతామన్నారు. ఇంకోచోట "మా బడి అలాంటి వాతావరణానికి సరిపోదు" అని సూటిగా చెప్పారు. ఆ సూటితనానికి కృతజ్ఞతలు. ప్రైవేటు బడి మా వాడిని చేర్చుకోవాలని చట్టం చెప్పదు. చేర్చుకున్నా ఐఈపీ హక్కు వెంట రాదు. ఆ డబ్బుతో చక్కని బడి దొరికిన తల్లులూ ఉంటారు, వాళ్లను నేను వేలెత్తి చూపను. తొమ్మిదేళ్లు బల్ల దగ్గర కూర్చుని అలసిపోయినవాళ్లకు తలుపు ఎటు తెరిస్తే అటు పోవాలనిపిస్తుంది. కానీ హక్కు ఇచ్చి డబ్బు ఇవ్వకపోవడం ఒక మోసం అయితే, డబ్బు ఇచ్చి హక్కు తీసుకోవడం మరో మోసం.

ఆ తర్వాతి నెలలోనే వచ్చిన పెద్ద నిధుల చట్టంలో మాత్రం గదుల పట్టికను తీసేశారు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి పిల్లవాడికి కావలసిన సేవల తీవ్రతను బట్టి అంచెలుగా డబ్బు ఇస్తారు. మొదటిసారి పరీక్షలు చేసిన ప్రతి పిల్లవాడికీ డిస్ట్రిక్ట్‌కు 1,000 డాలర్లు ఇస్తారు. అంటే ఒకప్పుడు పరీక్షించకపోతే మార్కులు వచ్చిన చోట ఇప్పుడు పరీక్షిస్తే డబ్బు వస్తుంది. ఇది మా వాడి నాలుగో ఏట ఉండి ఉంటే అని ఒక్క నిమిషం అనుకున్నాను, తర్వాత మానుకున్నాను.

మే నెలలో వాడి ఏఆర్‌డీ ఉంది. అడగవలసినవి కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టుకున్నాను. మొదటి ప్రశ్న వాడు ఏ అంచెలో పడ్డాడని కాదు. ఆ అంచె మేము బల్ల దగ్గర కూర్చోకముందే నిర్ణయమైందా, కూర్చున్నాక నిర్ణయమవుతుందా అని. రెండోది ఇంటి భాష గురించి. వాడి పత్రంలో ఆ గడి తొమ్మిదేళ్లుగా "ఇంగ్లీషు" అని ఉంది, మార్చమని అడగాలి. ఆదివారం రాత్రి అమ్మ ఫోను చేసినప్పుడు ఫ్యాను వైపు చూపించి "తిరుగుతోంది" అన్నాడు. వాడితో ఆ మాట ఎవరు అన్నారో మాకు గుర్తు లేదు.